యంత్రదోషమా? తంత్రదోషమా?

క్రిస్మసు సెలవులకు పక్షము దినములు ముందుగా మన పాఠశాల కంప్యూటరు గదిలో ఒక అలజడి పుట్టెను. మన విద్యార్థులు రెండేండ్లుగా ధర్మపురిలోను, గోదావరి యొడ్డు పల్లెలలోను తిరిగి, ముసలమ్మల నోట విన్న తిరుగటి పాటలను, నాట్ల పాటలను, పడవవారి మాటలను నోటుపుస్తకములలో వ్రాసికొని వచ్చి, వానిని కంప్యూటరులో టైపుచేసి భద్రపరచుచుండిరి. వానిలో కొన్నిటిని ఈ సంచికలో అచ్చువేయదలచి మేము ఫైలు తెరచితిమి. మొదటి పాటలోనే "గోదావరి నీరు" అని యుండవలసిన చోట "గోదావరి బీరు" అని యున్నది!

పిల్లలు పకపక నవ్విరి. పెద్దలకు నవ్వు రాలేదు. ఆ పాటను టైపుచేసిన బాలుడు కొంచెము అల్లరివాడని పేరుపడినవాడు. వానిని పిలిపించి యడుగగా, "నేను నీరు అనే కొట్టిన సార్" అని కన్నీళ్లు పెట్టుకొనెను. నమ్మినవారు తక్కువ. ఒక ఉపాధ్యాయుడు మాత్రము, వారము క్రిందట ఆపరేటింగ్ సిస్టమునకు క్రొత్త అప్‌డేటు వచ్చినది గనుక దోషము దానిదే కావచ్చుననెను. మరియొకరు, యంత్రము పాతబడినది, దాని పనియే యిది యనిరి. ఇట్లు ముగ్గురు ముద్దాయిలు నిలిచిరి: బాలుడు, తంత్రము, యంత్రము. తంత్రమనగా ఇక్కడ కంప్యూటరును నడిపించు ఆపరేటింగ్ సిస్టము, దాని క్రింద పనిచేయు ప్రోగ్రాములు. యంత్రమనగా చేతికి తగులు హార్డువేరు: డిస్కు, మెమరీ, తీగలు, విద్యుత్తునిచ్చు పెట్టె. వీనిలో దోషి యెవరో యెట్లు తేల్చవలెనన్నదే ఈ పాఠము.

ఈ ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. నరసింహ శతకకర్తయైన శేషప్పకవి మన ధర్మపురివాడే. అచ్చుయంత్రములు వ్యాపింపకముందు గ్రంథములన్నియు తాటాకులపై ప్రతి నుండి ప్రతికి ఎక్కుచు వచ్చినవి. ప్రతులలో తప్పు కనబడినపుడు పండితులు రెండు విధముల ఆలోచించిరి. పురుగు తొలిచినచో, వరుసగా నున్న కొన్ని ఆకులలో ఒకేచోట రంధ్రముండును. పురుగునకు అర్థముతో పని లేదు. లేఖకుడు పొరబడినచో ప ను వ గాను, వ ను మ గాను వ్రాయును, లేదా ఒకే మాటతో మొదలగు రెండు పంక్తులలో ఒకదానిని దాటవేయును. అతని కన్ను ఆకారమును చూచి మోసపోవును. మొదటిది ఆకు దోషము, రెండవది చేతి దోషము. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) వేమన పద్యములను సేకరించినపుడు పెక్కు ప్రతులను ప్రక్కప్రక్కన బెట్టి పోల్పించెను. తప్పుయొక్క ఆకారమును బట్టి తప్పుచేసినవానిని గుర్తించుట అను ఈ విద్యయే కంప్యూటరునకును పనికివచ్చును.

అయితే అన్నిటికంటె ముందు ఒక సంగతి తేల్చుకొనవలెను. ఫైలు నిజముగా చెడినదా, లేక మనము దానిని చదువలేకున్నామా? ఈ రెంటిని ఒకటిగా భావించి మంచి ఫైళ్లను పారవేసినవారు కలరు. కంప్యూటరు అక్షరముల నెరుగదు, అంకెలనే యెరుగును. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పు నుండియు తెలుగు లిపికి 3072 మొదలు 3199 వరకు గల స్థానము లీయబడినవి. యుటియఫ్-8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడేసి బైట్లు పట్టును. ఆ సంగతి తెలియని ప్రోగ్రాము ఆ మూడింటిని మూడు వేర్వేరు ఐరోపా అక్షరములని తలచి చూపును. అపుడు పుటనిండ తలపై గీత గల ఆంగ్లపు 'ఎ', దాని వెంట ఒక చిన్న సున్నయో కూడిక గుర్తుకు తీసివేత చేర్చినట్టి గుర్తో, మరల మరల వచ్చుచుండును. ఇంత క్రమముగా వచ్చు వికారము చెడుట కాదు. చదువుపద్ధతిని మార్చిన క్షణమున తెలుగు తిరిగి వచ్చును. అచ్చుపనివారు వాడు పాత ఫాంట్లతో చేసిన ఫైళ్లును అట్టివే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి పిచ్చివ్రాతగా కనబడును గాని లోపల యథాతథముగా నుండును. మా ఫైలు అట్లు లేదు. వేలకొలది అక్షరములు చక్కగా నుండగా, నడుమ నడుమ ఒక్కొక్కటి మాత్రమే తప్పు.

రెండవ జాగ్రత్త: చెడిన ఫైలును అందే దిద్దరాదు. మేము ముందుగా ఆ కంప్యూటరును ఆపి, దానిలో ఇంకేమియు వ్రాయకుండునట్లు చేసి, డిస్కును విప్పి వేరొక కంప్యూటరునకు తగిలించి, నకలు తీసితిమి. దొంగతనము జరిగిన ఇంటిలో ముందుగా అడుగుజాడలు తుడిచివేయరు గదా.

ఆ నకలును నోటుపుస్తకములతో పోల్చగా ఏడు తప్పులు తేలినవి. నీరు బీరైనది. పాట రెండుచోట్ల మాటయైనది. లోకము శోకమైనది. నెల బెలయైనది. ఒక స ఉండవలసిన చోట ఖాళీ పెట్టె కనబడెను. ఏడవది మాకు ఆశ్చర్యము కలిగించెను: "రాత్రి" అను మాటలో ర కు బదులు ఴ అను అక్షరమున్నది. ఇది ప్రాచీన శాసనములలో తప్ప నేడెక్కడను కానరానిది. యూనికోడులో సయితము 2014లో గాని చేరలేదు. మన బాలునికి దాని పేరైనను తెలియదు. మన కీబోర్డుపై అది లేదు. అల్లరివాడు బీరు అని వ్రాయవచ్చును, లోకమును శోకము చేయవచ్చును. కాని ఈ ఴ ఎక్కడనుండి తెచ్చును? ఆ ఒక్క అక్షరమే వాని పక్షమున మొదటి సాక్షి యయ్యెను.

అప్పుడు మేము నల్లబల్లపై అక్షరముల సంఖ్యలను వ్రాసితిమి. న 3112, బ 3116. ప 3114, మ 3118. ల 3122, శ 3126. ర 3120, ఴ 3124. అన్నిటను భేదము నాలుగే! స సంఖ్య 3128. దానికి నాలుగు కలిపిన 3132 వచ్చును, ఆ స్థానమున నున్న గుర్తును మన ఫాంటు ఎరుగదు గనుక పెట్టె కనబడినది.

గణితము చదివిన విద్యార్థులు ఇక్కడ నిలిచి ఆలోచింపవలెను. కంప్యూటరు సంఖ్యలను సున్న, ఒకటి అను రెండే గుర్తులతో, ఒకట్లు, రెండ్లు, నాలుగులు, ఎనిమిదులు అను స్థానములలో వ్రాయును. ఒక్కొక్క స్థానమునకు బిట్టు అని పేరు. ప లో నాలుగుల స్థానమున సున్న యున్నది. ఆ సున్న ఒకటిగా మారినచో అది మ యగును. న, ల, ర, స లకును అట్లే. మ, త, ద, య, వ, క లలో ఆ స్థానమున ముందే ఒకటి యుండుటచేత వానికి ఏ హానియు లేదు. మేము వెదకిన ఏడింటిలో మ ప గా మారిన చోటు ఒక్కటియు లేదు. అనగా ఎక్కడనో ఒక బిట్టు ఎల్లప్పుడును ఒకటిగా అతుక్కొని పోయినది. తాటాకు లేఖకుడు ప ను వ గా పొరబడును; కాని యూనికోడులో ప, వ ల మధ్య ఐదు బిట్ల దూరము కలదు. లేఖకుని కంటికి దగ్గరివి యంత్రమునకు దూరము, యంత్రమునకు దగ్గరివి లేఖకునికి దూరము. క కును గ కును ఒక్క బిట్టే భేదము. ఏ లేఖకుడు చూపున వానిని పొరబడును?

ఇంతటితో బాలుడు విముక్తుడయ్యెనని మేము భావించితిమి. ఐనను తంత్రమునకును యంత్రమునకును గల వ్యాజ్యము తేలలేదు. తప్పు ఒక్క బిట్టున్నంత మాత్రమున యంత్రమే దోషి యని పలుకుట తొందరపాటు. సాధారణముగా తంత్రదోషము క్రమము గలది, అదే పని చేసిన ప్రతిసారి అదే ఫలము వచ్చును. యంత్రదోషము క్రమము లేనిది. ఇది మంచి సూత్రమే గాని దీనికి అపవాదములు కలవు.

సూత్రమునకు లోబడిన యుదాహరణ మన భాషలోనే దొరకును. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అను అక్షరమును, జ్ఞ కును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని విడదీయు గుర్తు ఒకటి చేరిన రూపములో, ఎవరైన పంపినచో, ఐఫోనులలో ఆ సందేశమును తెరచిన అప్లికేషను ఉన్నట్లుండి మూతపడుచుండెను. తమ ఫోను పాడయినదని దుకాణములకు పరుగెత్తుట వృథా. ఏలన ఐఓఎస్ 11.2.5 గల ఫోన్లన్నిటను, ఏ దేశమందైనను, అదే అక్షరమునకు అదే గతి పట్టెను. వేరు తంత్రము గల ఫోన్లకు ఏమియు కాలేదు. అక్షరములను గీయు భాగములోని లోపము వలన మెమరీ చెడుచున్నదని ఆపిలు సంస్థయే ప్రకటించి, ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో దిద్దెను. ఫోనులో ఒక్క మేకు కూడ మార్చనక్కరలేకపోయెను.

దీనికి ఎదురుగా బెల్జియము దేశమున 2003 మే 18న జరిగిన ఎన్నికలను చూడుడు. బ్రస్సెల్సు ప్రక్కనున్న స్కార్బేకులో ఒక అభ్యర్థికి రావలసినదానికంటె 4096 వోట్లు ఎక్కువ వచ్చినవి. కార్డులను మరల లెక్కింపగా ఆ తప్పు తిరిగి రాలేదు. ప్రోగ్రామును పరీక్షింపగా లోపము కనబడలేదు. 4096 అనగా రెండును పండ్రెండు పర్యాయములు గుణించిన సంఖ్య, ఒకే బిట్టు విలువ. మెమరీలో ఒక బిట్టు తనంత తాను తారుమారైనదని నిపుణులు నిర్ణయించిరి. అంతరిక్షమునుండి వచ్చు కిరణములు అట్లు చేయగలవని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఇక అపవాదములు. 1994లో అమెరికాలో థామస్ నైస్లీ అను గణితోపాధ్యాయుడు ప్రధాన సంఖ్యలపై లెక్కలు చేయుచుండగా ఉత్తరము సరిపడలేదు. ఆయన తన ప్రోగ్రామును, దానిని తయారుచేసిన సాధనములను, యంత్రమందలి భాగములను ఒక్కొక్కటిగా అనుమానించి, ఒక్కొక్కటిగా తొలగించి, చివరకు దోషము పెంటియము చిప్పుయొక్క భాగాహారములోనే యున్నదని తేల్చెను. 4195835 ను 3145727 చేత భాగింపగా 1.33382 రావలసియుండగా ఆ చిప్పు 1.33373 చెప్పుచుండెను. విద్యార్థులు కాగితముపై భాగించి చూచుకొనవచ్చును. ఇది యంత్రదోషమే, ఐనను ప్రతిసారి తప్పక వచ్చినది. తయారీలోనే పట్టికలో కొన్ని అంకెలు లోపించినవి గనుక ఆ చిప్పులన్నియు ఒకే తప్పును అభ్యాసము చేసినవి.

2015లో దీనికి తలక్రిందుగా జరిగినది. అల్గోలియా అను సంస్థవారి సర్వరులలో ఫైళ్ల ముక్కలు సున్నలుగా మారుచుండెను. సాంసంగు డిస్కులున్న సర్వరులలోనే ఇది జరుగుటచే దోషము డిస్కులదని వారు ప్రకటించిరి. ఎవరైనను అట్లే తలంతురు. కాని సాంసంగు ఇంజనీర్లు వెదకగా, పలు డిస్కులను ఒకటిగా కలుపునపుడు ఖాళీ స్థలమును తుడువుమని డిస్కునకు చెప్పు లినక్సు భాగములోనే తప్పు బయటపడెను. డిస్కులు తమకు చెప్పిన చోటునే తుడిచినవి; చెప్పిన చోటే తప్పు. ఆజ్ఞను శిరసావహించిన సేవకుడే దొంగయని పట్టుబడినట్లయినది.

కావున మేము ఆకారముతో తృప్తిపడక, మార్పిడి పరీక్షకు దిగితిమి. దీని పద్ధతి యిది: యంత్రమును అట్లే యుంచి తంత్రమును మార్చుము; పిమ్మట తంత్రమును అట్లే యుంచి యంత్రమును మార్చుము; ఒక్కసారికి ఒక్కటియే. రెండును కలిపి మార్చి, తప్పు పోయినదని సంతోషించువానికి ఏమియు తెలియదు.

మొదట పెన్‌డ్రైవునుండి నడుచు లినక్సుతో అదే కంప్యూటరును తెరచితిమి. పెద్ద ఫైలు నొకదానిని పదేపదే నకలుచేసి, ప్రతి నకలుకును యస్‌హెచ్‌ఏ-256 అను ముద్రను లెక్కించితిమి. ఇది ఫైలు యొక్క వ్రేలిముద్ర వంటిది; 64 గుర్తుల పొడవు గలది; ఫైలులో ఒక్క బిట్టు మారినను ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోవును. ఇక్కడ ఒక మోసము కలదు. ఒకసారి చదివిన ఫైలును కంప్యూటరు మెమరీలో దాచుకొని రెండవసారి డిస్కును ముట్టకయే అక్కడినుండి ఇచ్చును. గనుక నడుమ కంప్యూటరును ఆపి మరల తెరువవలెను. మేము మొదటి పూట ఇది మరచి ఒక గంట వ్యర్థపుచ్చితిమి. చివరకు పెక్కు నకళ్లలో రెంటి ముద్రలు భేదించినవి. తంత్రము పూర్తిగా మారినను తప్పు నిలిచినది గనుక అప్‌డేటు నిర్దోషి.

డిస్కు మాట. ప్రతి డిస్కును తన ఆరోగ్యమును స్మార్టు అను పట్టికలో తానే వ్రాసికొనును. అందు 5వ అంశము చెడి మార్చబడిన స్థలములను, 197వది అనుమానములో నున్న స్థలములను, 199వది తీగలో కలిగిన తప్పులను చెప్పును. 199 ఒక్కటే పెరుగుచున్నచో డిస్కు కొనక ముందు తీగను మార్చి చూడవలెను. మా డిస్కునకు మూడును సున్నలే. పైగా డిస్కు స్థలము చెడినచో 512 లేక 4096 బైట్ల తునుక ఒక్కసారిగా పోవును, లేదా చదువలేనని డిస్కు మొరపెట్టును. ఒక్క బిట్టును చప్పుడు లేక మార్చుట దాని నడత కాదు. ఫైలు పొడవు సరిగానుండి లోపలంతయు సున్నలున్నచో, వ్రాయుచుండగా కరెంటు పోయినదేమో విచారింపుడు. జాతరలో చౌకగా కొన్న పెన్‌డ్రైవు విషయము వేరు. మీద 64 జీబీ యని యుండి లోపల ఎనిమిదే యున్నచో, మొదట వేసిన ఫైళ్లు బాగుండి, తరువాతివి గాలిలో కలియును. అది యంత్రదోషము కూడ కాదు, అంగడివాని దోషము.

మిగిలినది మెమరీ. మెమ్‌టెస్టు86+ అను ప్రోగ్రాము ఏ ఆపరేటింగ్ సిస్టమును లేకయే నడచును గనుక ఈ వ్యాజ్యమున దానిది తటస్థ సాక్ష్యము. దానిని రాత్రంతయు నడువనిచ్చితిమి. తెల్లవారి వచ్చి చూడగా తెరపై ఎర్రని వరుసలు. అన్నియు ఒకే చిరునామా, అన్నిటను అదే నాలుగుల స్థానము. మా కంప్యూటరులో మెమరీ పలకలు రెండు కలవు. ఒక్కొక్కటే యుంచి పరీక్షింపగా ఒక పలకతోనే తప్పు వచ్చెను. దానిని రెండవ గాడిలో పెట్టితిమి. తప్పు దాని వెంట పోయెను. కనుక గాడి మంచిదే, పలకయే చెడినది. ఇట్టి పరీక్షలో ఒక్క తప్పు వచ్చినను పలక చెడినట్లే. తప్పు రాకున్నంత మాత్రమున మంచిదని మాత్రము చెప్పరాదు, వేడిమి పెరిగినపుడే తడబడు పలకలు కలవు. మన వేసవి ఎట్టిదో చదువరులకు చెప్పనేల?

ఇప్పుడు అంతయు బోధపడినది. బాలుడు నీరు అనియే కొట్టెను. ఆ అక్షరము డిస్కునకు పోవు దారిలో ఆ చెడిన గూటిలో క్షణకాలము నిలిచి బీరైనది. తంత్రము తనకందినదానినే భద్రపరచెను. డిస్కు తనకిచ్చినదానినే నమ్మకముగా దాచెను. అందుచేతనే తప్పు కొన్నిచోట్లనే వచ్చినది. ఆ గూటిలో ఏ మాట పడునో ఎవరికిని తెలియదు. శనివారము శనివారము మేము తీసిపెట్టిన రెండవ ప్రతియు ఆ మెమరీ గుండనే పోయినది గనుక దానిని పూర్తిగా నమ్ముటకు వీలు లేకపోయెను. గొప్ప సర్వరులలో ఇట్టి బిట్టును పట్టి దిద్దు ఈసీసీ అను మెమరీ వాడుదురు. బడి కంప్యూటరులకు సాధారణముగా అది యుండదు.

మరునాడు ప్రార్థన సమయమున, సంశయించినవారమందరము ఆ బాలునికి అందరియెదుట క్షమాపణ చెప్పుకొంటిమి. వాడు సిగ్గుపడి క్రిందు చూచెను. తరువాత నల్లబల్లపై ఴ అక్షరమును వ్రాసి చూపుట వానికి ఒక వేడుకయైనది.

క్రొత్త పలక వేసి, పిల్లలు జతలు జతలుగా కూర్చుండి, ఒకరు నోటుపుస్తకము చదువ, ఒకరు తెర చూడ, పాటలన్నిటిని సరిచూచిరి. ఒక్క పాట మాత్రము మిగిలినది. దానిని పాడిన అవ్వ నిరుడు పరమపదించినది. ఆ నోటుపుస్తకము వానకు తడిసి అక్షరములు అలికిపోయినవి. కంప్యూటరులోని ప్రతియే దిక్కు. అందు నాల్గవ చరణమున "అత్తింటి మాట" అని యున్నది. అవ్వ మాట అని పాడెనో, పాట అని పాడెనో! రెండును అర్థమునకు సరిపోవును. పాట వ్రాసికొన్న బాలికను అడిగితిమి. రెండు విధముల పాడి చూచుకొని, తనకు జ్ఞాపకము లేదనెను. ఈ సంచికలో ఆ చరణమును "మాట" అనియే అచ్చువేసి, ప్రక్కన "పాట" అనియు ఉండవచ్చునని చిన్న అక్షరములతో చేర్చితిమి. ఆ పాట తెలిసిన వారెవరైన ధర్మపురిలో గాని, గోదావరి ఆవలి యొడ్డున లక్షెట్టిపేట వైపున గాని యున్నచో, మన పాఠశాలకు వచ్చి ఒకసారి పాడి వినిపింప వేడుచున్నాము.